పరదా సైకిలు

పందొమ్మిది వందల అరవై రెండుల పంతులమ్మ ఉద్యోగానికి నకిరేకల్‌కు ఇంటర్వ్యూకు రమ్మన్నరు. ఆ పొద్దు బస్సు కిక్కిరిసి వచ్చి, మా కేతేపల్లిల ఆగకుండనే పోయింది.

రెండు పాత సైకిళ్లను కలిపి, ఇద్దరు తొక్కే సైకిలు ఒకటి చేసి పెట్టిండు మా ఆయన. దాన్నే బయటికి తీసిండు.

మా అత్త వాకిట్ల అడ్డం నిలవడ్డది. "ఆడది నడిబజార్ల సైకిలు తొక్కుతదా? ఇజ్జత్ ఉంటదారా?"

ఆయన వెనుక సీటు చుట్టు, ఎడ్లబండికి కట్టినట్టే పరదా కట్టిండు. "తొక్కుడు నాది, కూసునుడు ఆమెది, సరేనా అవ్వా?" అన్నడు. అత్త పక్కకు జరిగింది.

దారెంట జనం ఆగి చూసిన్రు.

"పాపం గుర్వయ్య, రాణిగారిని మోస్తాండు."

"ఓ అమ్మా, గడ్డ ఎక్కేటప్పుడన్న జర దిగరాదు?"

నేను పరదాల నుంచి పలుకలేదు. పలికే దమ్ము లేదు. ఆయన మాత్రం అందరికి చెయ్యి ఊపుకుంట పోయిండు.

సరిగ్గా నన్ను పిలిచే యాళ్లకు ఆఫీసుల అడుగు పెట్టిన. కిటికీల నుంచి మా రాకడ చూసిన అధికారి, "దర్జాగ కూసోని వచ్చినవు గదమ్మా, గింత రొప్పుడెందుకు?" అని అడిగిండు.

"ఆయనకు ఒక్కటే చైను దొరికింది సార్. అది వెనుక పెడళ్లకే ఉన్నది. ముందు పెడళ్లు ఉత్తగ తిరుగుతయ్," అన్న.

ఉద్యోగం ఖాయమైంది. తిరిగి ఇల్లు చేరేసరికి అత్త నీళ్లు కాగవెట్టి ఉంచింది. కొడుకును పీట మీద కూసోవెట్టి, కాళ్లకు కాపడం పెట్టుకుంట నాతోని అన్నది:

"జల్ది బువ్వ వండు బిడ్డా. పానం అలిసిపోయి వచ్చిండు."