పదిహేడు అంకెలు

నాటకం కాయితాలు వచ్చి నా బార్లీ టీలో పడ్డాయి. విసిరింది సొక్ హ్వారన్. సియోల్‌లో ఆమె బొమ్మ లేని సినిమా హాలు లేదు. పదకొండేళ్ళుగా ఆ బొమ్మకు డబ్బింగు గొంతు మాత్రం నాది. ఇప్పుడు మొదటిసారి స్టేజి ఎక్కుతానంటూ నాతోనే నాటకం రాయించుకుంది.

“బిడ్డ చచ్చిపోతే తల్లి ఒకటి, రెండు అని పదిహేడు దాకా లెక్కపెట్టి ఊరుకుంటుందా? నలుగురిలో నన్ను నవ్వులపాలు చెయ్యాలనేగా, గుంసిల్ అక్కా?”

“షూటింగులో నువ్వు చేసిందదేగా. ఎలాగూ నా గొంతే పెడతారని డైలాగు నేర్చుకోకుండా అంకెలు చదివేదానివి. నీ పెదాలకు సరిపడే మాటలు వెతుక్కోలేక చచ్చేదాన్ని.”

“నేనంటే నీకు మొదట్నుంచీ కుళ్ళు.”

“కుళ్ళే. ఆ సినిమాలో బిడ్డ చచ్చిపోయే ఆస్పత్రి సీనులో నర్సు వేషం కట్టి నీ పక్కనే నిలబడ్డాను. పద్దెనిమిది అనబోయి నీ గొంతు పూడుకుపోయింది. నాకు నిజంగానే ఏడుపొచ్చింది. తర్వాత దాని మీద నా మాటలు, నా ఏడుపు అతికించారు. ఊరంతా మెచ్చుకుంది.”

తడిసిన కాయితం ఆమె ముందు పెట్టాను.

“ఆ పదిహేడు అంకెలకు సాటొచ్చే మాట ఇన్నేళ్ళలో ఒక్కటి రాయలేకపోయాను. చదువు, ఒకటి నుంచి.”