కట్ కాని కాల్

కాల్ ఇంకా కట్ కాలేదని ఆమె గమనించేసరికి జరగాల్సింది కాస్తా జరిగిపోయింది.

చేతిలో తడిసిన దుప్పటి. మంచం మీద, గోడవైపు మొహం తిప్పుకున్న భర్త. పక్కన స్టూలు మీద ట్యాబ్. అందులోంచి రెప్పవేయకుండా ఇటే చూస్తున్న నర్సు.

"పిన్నీ..." అంది నర్సు.

ఆమె దుప్పటి వదిలేసి ట్యాబ్‌ని బోర్లా పడేసింది.

ఆయన గొంతుకు క్యాన్సర్ వచ్చి ఏడాదైంది. ఆపరేషన్‌తో మాట పోయింది. ముక్కులోంచి పొట్టలోకి వేసిన గొట్టంలోనే తిండీ, మందూ. ఆస్పత్రికి తిప్పే ఓపిక ఇద్దరికీ లేకపోవడంతో, రోజూ పొద్దున పదింటికి అక్కడి నర్సే వీడియోలో ఇంటికి వస్తోంది. గొట్టం చూపించమంటుంది. నొప్పి ఎంతుందో వేళ్ళతో చెప్పమంటుంది. చివర్లో ఆమెవైపు తిరిగి, "మీరెలా ఉన్నారు పిన్నీ?" అని అడుగుతుంది.

"నాకేం తల్లీ, గుండ్రాయిలా ఉన్నాను" అంటుందామె.

ఆ మాట అయ్యాక ఆమె వంటింట్లోకి వెళుతుంది, ఆయన కాల్ కట్ చేస్తాడు. నలభై ఏళ్ళు రేడియోలూ టీవీలూ బాగుచేసిన మనిషికి ఆ ఎర్ర బటన్ ఒక లెక్కా! కాకపోతే ఈమధ్య చేతులు వణుకుతున్నాయి. వేలు తప్పి ఉంటుంది.

తప్పడానికి ఇవాళే దొరికిందా?

ఆమె వంటింట్లోంచి పాలు తెచ్చి గొట్టంలో పోస్తుంటే ఆయన దగ్గాడు. పోసినవన్నీ పైకి తన్నుకొచ్చాయి. తెల్లారినప్పటినుంచి దుప్పటి మార్చడం అది మూడోసారి. ఆమె నోరు ఆమె మాట వినలేదు.

"ఎన్నాళ్ళండీ నాకీ చాకిరీ? మీరు పోరు, నన్ను పోనివ్వరు!"

ఇంట్లో మిషను కుట్టుకుంటూ, ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయన్ని పల్లెత్తు మాట అనని మనిషి. 'మొగుడికి చాకిరీ చెయ్యడమంటే టైలరమ్మని చూసి నేర్చుకోవాలి' అని వీధి వీధంతా చెప్పుకునేవాళ్ళు. ఆ టైలరమ్మ నోట్లోంచి ఊడిపడిన మాట అది. విన్నవాళ్ళిద్దరు. ఒకరు తిరిగి ఒక్క మాట అనలేని మనిషి, ఒకరు పరాయి పిల్ల.

మర్నాడు పదింటికి ఆమె ట్యాబ్‌కి కనపడకుండా తలుపు వారగా నిలబడింది.

"పిన్ని లేరా?"

"ఇక్కడే ఉన్నా."

నర్సు ఆయన్ని అడగాల్సినవన్నీ అడిగింది. ఆమెను మాత్రం ఎలా ఉన్నారని అడగలేదు. "రేపట్నుంచి మా ఆస్పత్రి తరఫున మీ ఇంటికో ఆయమ్మ వస్తుంది పిన్నీ. పొద్దున్నుంచి సాయంత్రందాకా బాబాయ్‌ని చూసుకుంటుంది" అంది.

ఆమె తలుపు చాటుకి ఇంకాస్త జరిగింది. 'నా చేతుల్లో ఈయన్ని ఉంచకూడదనుకున్నారన్నమాట.' మొగుడివైపు చూడ్డానికి మొహం చెల్లలేదు.

వచ్చిన ఆయమ్మ గట్టిపిండం. మనిషిని మంచం దించకుండానే చిటికెలో దుప్పటి మార్చేసింది. "మీరెళ్ళి పడుకోండక్కా. నేను దొంగనే అనుకోండి, ఎత్తుకుపోడానికి మీ ఇంట్లో ఏముంది గనక, ఈ అన్నయ్య తప్ప!" అంది. ఆయన చప్పుడు లేకుండా భుజాలు కదిలేలా నవ్వాడు. ఎన్ని నెలలైందో ఆ నవ్వు చూసి! అది తనవల్ల వచ్చింది కాదు. ఆమె వంటింట్లోకి వెళ్ళి, పడుకోకుండా, గోడకు చేరగిలబడి కూర్చుంది. రెండు రోజులూ అలాగే కూర్చుంది.

మూడోనాడు ఇక ఉండబట్టలేక, ట్యాబ్ తీసుకుని వంటింట్లోకి పోయి తలుపేసుకుంది.

"ఆ ఆయమ్మని మానిపించు తల్లీ. పాపిష్టి మాట అన్నాను. చెప్పుతో కొట్టినా పడతాను. అంతేగాని ఆయన్ని నానుంచి దూరం చెయ్యకండి."

"ఎవరు దూరం చేశారు పిన్నీ?"

"నువ్వు విన్నావుగా! మీ పెద్దవాళ్ళకి చెప్పావుగా!"

"విన్నాను. మీరు రెండ్రోజుల్లో కూలిపోయేలా ఉన్నారని చెప్పాను." నర్సు గొంతు తగ్గింది. "సిగ్గుపడాల్సింది నేను పిన్నీ. మీరు గుండ్రాయిలా ఉన్నానంటే రోజూ నమ్మేశాను. ఆ రోజు కాల్‌కి గంట ముందు బాబాయ్ నాకు మెసేజ్ పెట్టారు. మీకు చూపించొద్దన్నారు. ఇక దాచడం న్యాయం కాదు."

ట్యాబ్ మీద అక్షరాలు వచ్చాయి. ఆమె కళ్ళు తుడుచుకుని, కూడబలుక్కుని చదివింది.

'అమ్మాయ్, మా ఆవిడ కంటినిండా నిద్రపోయి నలభై రోజులైంది. వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తుంది, నాకు తెలియదనుకుంటుంది. నువ్వడిగితే మాత్రం బాగానే ఉన్నానంటుంది.

ఇవాళ కాల్ కట్ చెయ్యను, నువ్వే చూడు.'