ఎనిమిది సీట్ల బడి

కాలువ రెండోసారి ఎండిన ఏడాది, వేసవి చివర, ఈతచెట్టు మీద గూళ్లు అల్లడం నేర్పే కొత్త బడి పెట్టారు. సీట్లు ఎనిమిదే. చెట్టు కింది పగిలిన కుండలో ఇంటికొక ఈక వేస్తే, తాబేలు కళ్లు మూసుకుని ఎనిమిది తీస్తుంది.

"మన పిల్లాడు తుమ్మచెట్టు తాత దగ్గర బాగానే నేర్చుకుంటున్నాడు కదయ్యా," అంది గిజిగాడి భార్య.

"ఆయనకు వచ్చింది ఒక్క ముడి. అక్కడ ఏడు ముళ్లు నేర్పుతారట."

గిజిగాడు అంతటితో ఆగలేదు. తుమ్మచెట్టుకు వెళ్లి, పిల్లలందరి ముందూ, "నీ ఒక్క ముడితో మావాడు బాగుపడడు. రేపట్నుంచి పంపను," అన్నాడు.

తాత అల్లుతున్న పోచ వదలకుండానే, "మంచిది నాయనా. అక్కడ సీటు రాకపోతే మళ్లీ తీసుకురా," అన్నాడు.

తాబేలు తీసిన ఎనిమిదిలో గిజిగాడి ఈక లేదు.

"తాత రమ్మన్నాడుగా, తీసుకెళ్లు," అంది భార్య.

రోజూ కొడుకును వెంటబెట్టుకుని బయల్దేరేవాడు. తాత గొంతు వినబడగానే మెడ ముడుచుకుని, పక్క చెట్టు మీంచే వెనక్కి తిరిగేవాడు. ఇంటికొచ్చి, "ఇవాళ కూడా తాత లేడు," అనేవాడు. కొడుకు తండ్రి మొహంలోకి చూసేవాడు.

తొలకరి పడింది. ఈతచెట్టు పిల్లలూ తుమ్మచెట్టు పిల్లలూ గూళ్లు కట్టుకున్నారు. గిజిగాడి కొడుక్కి గూడు లేదు.