తుప్పు పట్టని తాళం

పగ తీర్చడం దేవుడి పనే అయితే, ఆ పనికి ఆయన ఎవరి చేతులు వాడుకుంటాడు? జీవరత్నమ్మకు ఏళ్ళ తరబడి ఉన్న అనుమానం ఇది. పాస్టరుగారిని అడగడానికి భయం, అడగకుండా ఉండడానికి మనసొప్పదు. ఆ గురువారం హెడ్మాష్టరు నారాయణమూర్తి ముందు నిలబడినప్పుడు కూడా ఆమె మనసులో అదే తిరుగుతోంది.

పక్కన బెంచీ మీద కూతురు దీవెన సొమ్మసిల్లి పడుకుని ఉంది. తొమ్మిదో తరగతి పిల్ల. పొద్దుటి నుంచి చుక్క నీళ్ళు తాగక, ఎండలో కళ్ళు తిరిగి పడిపోయింది.

“మంచినీళ్ళు తాగితే బయటికెల్లాల కదండీ! జీడితోటలోకెల్తే మగగుంటలు గోడెక్కి ఈలలేత్తన్నారు. ఆడపిల్లలకని కట్టిన బాత్రూముకి తాళమేటండీ?”

“తాళం చెవి పోయిందమ్మా. ఆ గది తెరిచి మూడేళ్ళయింది.”

“అయితే బద్దలుకొట్టండి.”

“కమిటీ తీర్మానం లేకుండా కుదరదు. అంత ఇబ్బందైతే పిల్లని కొన్నాళ్ళు ఇంటి దగ్గరే ఉంచుకో.” మాష్టారు ఆమె మొహం చూడకుండా కిటికీ వైపు తిరిగాడు.

కూతుర్ని నడిపించుకు వెళుతూ ఆమె ఆ బాత్రూము దగ్గర ఆగింది. సముద్రం గాలికి బడిలో ఇనుమన్నది మిగల్లేదు. కిటికీ ఊచలు, బోరింగు చెయ్యి, గంట కూడా పొరలు పొరలుగా రాలిపోతున్నాయి. తలుపుకున్న తాళం మాత్రం నున్నగా మెరుస్తోంది. దానికెవరో నూనె పెడుతున్నారు. ఎవరో తెరుస్తున్నారు.

‘మేష్టరే! తన సొంతానికి ఉంచుకున్నాడు’ అనుకుంది.

సంగతి విని మొగుడు జాకబ్ ఒక్క మాటలో తేల్చేశాడు. “మరి బడొద్దు. సోమారం నుంచి నీతో పలాస తీసుకుపో. జీడిపిక్కలు కొట్టుకుంటాది.”

దీవెన పుస్తకాల సంచి ఒళ్ళోంచి దించలేదు.

జీవరత్నమ్మ తన చేతులు చూసుకుంది. ఫ్యాక్టరీలో జీడిపిక్కలు కొట్టీ కొట్టీ, పెంకులోంచి కారే నూనెకి వేళ్ళు మాడి నల్లబడ్డాయి. రేషను మిషను మీద ఆమె వేలిముద్ర పడదు. ఆ చేతులు కూతురికి రాకూడదు.

సాయంత్రం ఫిలిప్పు ఇంటికి వెళ్ళింది. ఆయన చర్చి సంఘానికి పెద్ద, బడి కమిటీకి చైర్మను, జీడిపిక్కల వ్యాపారి. పనిలో చేరిన కొత్తలో ఆమె చేతులు పొక్కులెక్కితే, “రాసుకో అమ్మా” అని చిన్న కొబ్బరినూనె సీసా ఇచ్చింది ఆయనే. ఆ సీసా తిరిగివ్వలేకపోయానన్న వెలితి ఆమెకు ఇప్పటికీ ఉంది.

ఫిలిప్పు వాకిట్లో బస్తాలు తూకం వేయిస్తున్నాడు. “గొడౌను నేని వ్యాపారం, రత్నం! దేవుడే నడిపిత్తన్నాడు” అన్నాడు నవ్వుతూ. అది ఆయన ఎప్పుడూ అనే మాటే.

“పెద్దయ్యా, ఆ బాత్రూము మేష్టరే వాడుకుంటన్నాడు. తాళానికి తుప్పు నేదు, సూడండి.”

ఆయన నవ్వు ఆగింది. “తప్పమ్మా, ఒకరి మీద నిందెయ్యకూడదు. పగ మన పని కాదు. దేవుడికొగ్గీ.”

“దేవుడెప్పుడు సూత్తాడు పెద్దయ్యా? సోమారం నాటికి నా పిల్ల బడి మానేత్తాది.”

“ప్రార్థన సేసుకో.”

చేసుకుంది. శుక్రవారం ఫ్యాక్టరీ నుంచి వస్తూ టానిక్ సీసాలో, పెంకుల్లోంచి కారిన జీడినూనె కొంచెం తెచ్చింది. మర్నాడు రెండో శనివారం, ఆపైన ఆదివారం. పిల్లలెవరూ రారు. బడి ఖాళీ అయ్యాక వెళ్ళి, కోడి ఈకతో ఆ నూనె తాళానికి పల్చగా పూసింది. తుప్పు పట్టకుండా రోజూ నూనె పెట్టేవాడు ఇది తన నూనే అనుకుంటాడు. మంట మొదలయ్యేసరికి ఆలస్యమైపోతుంది.

“ఆ సెయ్యి కాలాల, ప్రభువా! నా పిల్లకి తలుపు మూసిన సెయ్యి పొక్కిపోవాల” అంది పైకే. సోమవారం తెల్లారగానే తాళం తుడిచేసి, గేటు దగ్గర నిలబడి మాష్టారి చెయ్యి చూడాలనుకుంది.

సోమవారం దాకా ఆగే పని పడలేదు.

ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల ఆరాధన, అందరికీ రొట్టె పంచే రోజు. ఫిలిప్పు రొట్టె పళ్ళెం పట్టుకుని ఆడవాళ్ళ వరసలోకి వచ్చాడు. కుడిచేతికి రుమాలు చుట్టి ఉంది. పళ్ళెం వంచేసరికి అది జారిపోయింది. బొటనవేలూ చూపుడువేలూ ఉబ్బి, పొక్కులు చిట్లి ఉన్నాయి.

“ఓలమ్మ! ఆ సెయ్యేటి పెద్దయ్యా?” అంది ఇవాంజెలిన్. ఆమెదీ పిక్కల పనే.

“పొయ్యి దగ్గర కాలింది.”

“పొయ్యి మంటకి పొక్కు సుట్టూ నల్లమచ్చ రాదు. ఇది జీడినూనె. మీరెప్పుడు పిక్కలు కొట్టినారు?”

వరసంతా కిసుక్కుమంది. ఆ వరసలో పిక్కలు ఒలిచిన చేతులు తప్ప వేరే చేతులు లేవు. ఆ మచ్చ ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు.

జీవరత్నమ్మ మాత్రం నవ్వలేదు. గొడౌను లేని వ్యాపారి బస్తాలు ఏ తాళం వెనక దాగుతున్నాయో, మాష్టారు ఎవరికి భయపడి కిటికీ వైపు తిరిగాడో ఆమెకప్పుడు తెలిసింది. అనుమానమూ తీరింది. దేవుడు ఆమె చేతులే వాడుకున్నాడు, మనిషిని మాత్రం తనే ఎంచుకున్నాడు.

ఆమె రొట్టె తీసుకోలేదు. రోజూ ఫ్యాక్టరీకి తీసుకెళ్ళే సంచిలోనే ఆదివారం బైబిలు తెచ్చుకుంటుంది. అందులోంచి తన చేతులకి రాసుకునే చిన్న కొబ్బరినూనె సీసా తీసి, ఆయన ఎడమచేతిలో పెట్టింది.

“ఆ యేడు మీరిచ్చిన కొబ్బరినూనె, పెద్దయ్యా. బాకీ ఉండిపోనాను. రాసుకొని, ఆ తాళం సెవి ఇలగియ్యండి.”