అన్నయ్య వేరే కనెక్షన్

నీ ఇంట్లో ఏదైనా పనిచేయకపోతే, మొదట ఎవరి మీద వేలు చూపిస్తావు?

ఒక అన్నయ్య మేడమీద కంప్యూటర్ ముందు కూర్చుని పళ్లు నూరుతున్నాడు. ఇంకాసేపట్లో కూతురి పరీక్ష. హాల్ టికెట్ కాగితం మీద లేకపోతే లోపలికి రానివ్వరు. ఇంటిల్లిపాదికీ ఉన్న ఒక్క ప్రింటర్ కింద తమ్ముడి గదిలో ఉంది. ఎన్నిసార్లు నొక్కినా ప్రింటర్ కనబడలేదనే మాటే తెర మీదికి వస్తోంది. పొద్దున్నే పవిత్ర గ్రంథం తెరిచి సహనం గురించి గొంతెత్తి చదివిన నోరే మెట్ల మీద నుంచి నిప్పులు కక్కింది.

"ఒరేయ్! కోపముంటే నన్ను తిట్టు. పిల్ల చదువుతో ఆడుకుంటావా? ప్రింటర్ ఎందుకు ఆపేశావురా?"

తమ్ముడు పరుగున పైకొచ్చి తెరలోకి తొంగిచూశాడు.

"నేనేం ఆపలేదు అన్నయ్యా. నా కంప్యూటర్ ఆన్‌లోనే ఉంది, ఇప్పుడే ఒక ప్రింట్ కూడా తీశాను. నీదే ఇంటి వైఫైలో లేదు. మొన్న నా మీద అలిగి నీకంటూ వేరే కనెక్షన్ పెట్టించుకున్నావుగా, దాంట్లో ఉంది. అక్కణ్ణుంచి ఈ ప్రింటర్ ఎలా కనబడుతుంది?"

అన్నయ్య తెర మీద ఇంటి వైఫై పేరు నొక్కి గొణిగాడు.

"ఇంటి వైఫై పాస్‌వర్డ్ ఏంట్రా?"

"పాతదే. నువ్వు మళ్లీ వస్తావని మార్చలేదు."

చదువరీ, తలుపు వేసింది ఎదుటివాడేనని ఇంకా నమ్ముతున్నావా? లే! చెప్పులు తొడుక్కో. పొద్దు గుంకేలోపు వెళ్లి నీ తోబుట్టువు గడప తొక్కు. రేపు అనకు, ఈరోజే వెళ్లు!