గల్లీ అంతా తాగిన నీళ్లు

"మొగుని మీదనే అనుమానం పోతాంది జ్యోతీ. ఇగ దొరికిండు పో!"

మంచం మీద బోర్లా పడుకున్న దశరథ్ పుస్తకంలోంచి తలెత్తకుండానే అన్నాడు. వంకాయలు తరుగుతున్న జ్యోతి చేతిలో చాకు జారి వేలు తెగింది.

"నాకెందుకు చెప్తవ్ బావా? నాకు భయమైతది."

"కథకు భయపడుడేందే! ఇనరాదు. పెండ్లాం కడుపునొప్పి, కడుపునొప్పి అనుకుంట పానం ఇడిసింది. డాక్టరు రోగమన్నడు. అందరు ఏడ్చి మట్టి చేసిండ్రు. మన ఇన్‌స్పెక్టర్ బెల్టన్ ఊకుంటడా? తిండిల రోజింత విషం కలిపిండ్రంటడు."

ఎవరో లండన్ ఆవిడ రాసిన పోలీసు నవలలట. ప్లాంటు ల్యాబులో పనిచేసే వెంకట సాయి తెలుగు అనువాదాలు ఒక్కొక్కటే తెచ్చిస్తున్నాడు. కంపెనీ బస్సులో సగం చదవడం, ఇంటికొచ్చి మిగతా సగం చదవడం, చదివిందంతా పెళ్లానికి వినిపించడం. దసరా నుంచి దశరథ్‌ది ఇదే తంతు. పేకాట కన్నా నయమే కదా అని చిట్కుల్‌లో వాళ్ల గల్లీ అంతా మెచ్చుకుంది. జ్యోతికి మాత్రం ఆ ఇన్‌స్పెక్టర్ పేరు వింటేనే ఒళ్లు చల్లబడుతోంది. కిందటి పుస్తకాన్ని పాత పేపర్లవాడికి వేసేసింది కూడా. మర్నాటికి ఇంకోటి వచ్చింది.

భయపడదూ మరి! దశరథ్ మొదటి పెళ్లాం రవళి, జ్యోతికి సొంత అక్క, అచ్చం అలాగే పోయింది. కడుపునొప్పి, వాంతులు, మూడు నెలల్లో చిక్కి పుల్లైపోయింది. అక్క పడ్డ యాతనంతా జ్యోతి ఆ ఇంట్లోనే ఉండి కళ్లారా చూసింది. "బోరు నీళ్ల పాపం" అన్నారు గల్లీ జనం. ఈ చుట్టుపక్కల ఎవరికేమైనా అదే మాట. కందిరీగ కుట్టినా ఫ్యాక్టరీ పాడుచేసిన ఆ నీళ్లనే తిడతారు. రవళి పసిపిల్ల ఆగమైపోతుందని తల్లి బక్కమ్మ, ఏడాది తిరక్కుండానే జ్యోతిని అదే బావకిచ్చి చేసింది. జ్యోతి కాదనలేదు.

ఇప్పుడా బావతో ఒకే కప్పు కింద ఉండాలంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నట్టుంది.

"మొఖం గట్ల పీక్కపోయిందేంది? అన్నం తింటలేవు. రా, నేను కలిపి పెడ్త."

"వద్దు! ఆకలైతలేదు." ఒక్క అడుగు వెనక్కి వేసింది జ్యోతి. "బావా, నేను కాజీపల్లికి పోత. అమ్మ యాదికొస్తాంది. పాపను పక్కింటి ముత్యమ్మక్క సూసుకుంటది."

అప్పటికే ఆమె బట్టల సంచి సర్దుకుంది.

"పోదువుగాని. అయిపోవచ్చింది, జెర కూసో." ఎండ కొడుతోందంటూ లేచి తలుపు గడియ పెట్టాడు దశరథ్.

ఆ చప్పుడుకి జ్యోతి సంచిని దగ్గరికి లాక్కుంది. పాప నిద్రపోతోంది. కాగితాలు తిప్పుతున్న చప్పుడు తప్ప ఇంట్లో ఇంకేమీ వినబడటం లేదు. చివరికి పుస్తకం మూశాడు.

"మొగుడు కాదు."

"మరి?" అంది జ్యోతి.

"అది ఇడిసిపెట్టు. ఒక్కటి చెప్పు. ఆ నీళ్లు గల్లీ అంత తాగింది. నేను తాగిన, నువ్వు తాగినవ్, పాపకు పట్టినం. రవళి ఒక్కతే ఎందుకు పోయింది?"

జ్యోతి గోడకు చేరగిలబడింది.

"ఇన్నొద్దులు నాకీ సోయి లేకపాయె. పొద్దుగాల ఠాణాకు పోయి అర్జీ ఇచ్చొచ్చిన. మనోళ్లల్ల బొంద పెడ్తరు గదా, కాల్చరు గదా. తవ్వి సూడొచ్చట."

"పిచ్చి లేసిందా బావా! నిన్నే పట్టుకపోతరు! పాప గతేంది? నా గతేంది?"

"పట్టుకపోనీ. అన్నీ అడిగిండ్రు. ఆ మూడు నెలలు నాకు డబుల్ డ్యూటీలు, ఇంట్ల గిలాసెడు నీళ్లు సుత ముంచియ్యలేదని చెప్పిన." దశరథ్ కళ్లు తుడుచుకున్నాడు. "మరి ఆమెకు వండిపెట్టిందెవలు అనడిగిండ్రు."

అప్పుడు తలెత్తి ఆమె వైపు చూశాడు.

వండిపెట్టింది జ్యోతే.