ఎర్రయ్య పెట్టిన రిక్వెస్టు

“నాయనా, ఉద్యోగస్తుల సైటులో నాకు రిక్వెస్టు పెట్టినావేంది? ‘గొర్రెల కాపరి, ముప్పై ఏండ్ల అనుభవం’ అంట! మా మేనేజరు చూస్తే నా పరువేం గాను?” అంటూ భాగ్య ఆ రిక్వెస్టును చటుక్కున తీసేసింది.

గొర్రెపిల్లకు పాలు తాగిస్తున్న ఎర్రయ్య తల ఎత్తలేదు. “నీకంటే ముందు ఆయనకే పెట్టినా. నిన్ననే ఒప్పుకున్నాడు. వాళ్ల నాయన కూడా యర్రగొండపాలెంలో గొర్రెలే కాసినాడంట. మంచి పొట్టేలుంటే చెప్పమన్నాడు.”

భాగ్య నాలుక కరుచుకుంది. ఈసారి తనే తండ్రికి రిక్వెస్టు పంపింది. ఎర్రయ్య జేబులో ఫోను మోగింది.

“ఒప్పుకో నాయనా.”

“దాంట్లో ఎవరి కూతురివని రాసుకున్నావు?”

“అట్ల ఎవరూ రాయరు.”

“అయితే విచారించి చెప్తాలే,” అని ఎర్రయ్య ఫోను మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.